యూఎస్ఎస్ జాన్‌స్టన్: ఒక డిస్ట్రాయర్ యుద్ధసేవ, మునక (తరచుగా అడిగే ప్రశ్నలు)

రెండో ప్రపంచ యుద్ధంలో, ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవికి తూర్పున 1944 అక్టోబరు 25 ఉదయం జపాన్ నౌకాదళంతో జరిగిన పోరులో మునిగిపోయిన అమెరికా డిస్ట్రాయర్ జాన్‌స్టన్ గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. ఆ నౌక తెగువ గురించి చాలామంది విని ఉంటారు. అది మునిగిన తరువాత నీళ్లలో గడిచిన రెండు రోజుల గురించి విన్నవారు తక్కువ. అందువల్ల ఆ భాగానికి ఇక్కడ కొంత ఎక్కువ చోటు ఇచ్చాను.

జాన్‌స్టన్ ఎప్పుడు, ఎక్కడ తయారైంది? ఆ పేరు ఎవరిది?

అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్‌లో, సియాటిల్-టకోమా నౌకానిర్మాణ కేంద్రంలో 1942 మే నెలలో దీని నిర్మాణం మొదలైంది. 1943 మార్చి 25న జలప్రవేశం చేసి, అదే ఏడాది అక్టోబరు 27న నౌకాదళ సేవలో చేరింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పనిచేసిన జాన్ విన్సెంట్ జాన్‌స్టన్ అనే నౌకాధికారి పేరును దీనికి పెట్టారు. నౌక సంఖ్య 557. సేవలో చేరిన నాటి నుంచి మునిగిన నాటి వరకు లెక్కిస్తే దీని ఆయుష్షు ఒక సంవత్సరానికి రెండు రోజులు తక్కువ.

డిస్ట్రాయర్ అంటే ఎంత పెద్ద నౌక?

తెలుగులో విధ్వంసక నౌక అని రాస్తాం గనుక, పేరు విని భారీ నౌకను ఊహించుకోవడం సహజం. ఆనాటి డిస్ట్రాయర్ నిజానికి యుద్ధనౌకల్లో చిన్నవాటి కోవలోకి వస్తుంది. పెద్ద నౌకలకు కాపలా కాయడం, జలాంతర్గాములను వేటాడడం, అవసరమైతే వేగంగా దూసుకెళ్లి టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి నౌకను తాకి పేలే ఆయుధాలు) వదిలి రావడం దాని పనులు. జాన్‌స్టన్ ఫ్లెచర్ తరగతికి చెందినది. ఆ తరగతిలో మొత్తం 175 నౌకలు కట్టారు. పొడవు దాదాపు 115 మీటర్లు, బరువు సుమారు 2,100 టన్నులు. మన తీరంలో పోలిక కావాలంటే, 2021లో భారత నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం కూడా డిస్ట్రాయరే. దాని పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు.

జాన్‌స్టన్ మీద 5 అంగుళాల ఫిరంగులు అయిదు, టార్పెడో గొట్టాలు పది ఉండేవి. 35 నాట్లకు (గంటకు దాదాపు 65 కిలోమీటర్లకు) మించిన వేగం దాని ప్రధాన రక్షణ. గుండ్లను ఆపే దళసరి ఉక్కు కవచం దానికి లేదు. అమెరికా నావికులు ఇలాంటి నౌకలను రేకు డబ్బాలు అని పిలుచుకునేవారు. ఆ రోజు దానికి ఎదురుపడిన జపాన్ యుద్ధనౌక యమటో బరువు దాదాపు 70,000 టన్నులు. యమటో మీదున్న మూడు ప్రధాన ఫిరంగి గోపురాల్లో ఒక్కొక్కటి జాన్‌స్టన్ మొత్తం కన్నా బరువైనదని గుర్తుపెట్టుకుంటే, తరువాతి కథలోని తారతమ్యం బోధపడుతుంది.

జాన్‌స్టన్‌ను నడిపిన కెప్టెన్ ఎవాన్స్ ఎవరు?

కమాండర్ ఎర్నెస్ట్ ఇ. ఎవాన్స్ 1908లో ఓక్లహోమా రాష్ట్రంలోని పానీలో పుట్టారు. ఆయన చెరోకీ, క్రీక్ తెగల మూలాలున్న స్థానిక అమెరికన్. అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో చదివి 1931లో పట్టభద్రులయ్యారు. 1942 ఫిబ్రవరిలో జావా సముద్రంలో మిత్రపక్షాలు జపాన్ చేతిలో చిత్తుగా ఓడినప్పుడు ఆయన ఆల్డెన్ అనే పాత డిస్ట్రాయర్ మీద ఉన్నారు. ఆ నౌక అక్కడి నుంచి తప్పుకుని రావలసి వచ్చింది. అలా వెన్ను చూపడం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

జాన్‌స్టన్ సేవలో చేరిన రోజు సిబ్బందిని సమావేశపరిచి, ఇది పోరాడే నౌక అవుతుందని, ఆపద ఉన్నచోటికే దీన్ని తీసుకెళ్తానని, రావడం ఇష్టం లేనివారు ఇప్పుడే దిగిపోవచ్చని చెప్పారు. ఎవరూ దిగలేదు. వారిలో ఎక్కువమంది అంతకుముందు సముద్రం ముఖం ఎరగని కుర్రవాళ్లు.

సమర్ పోరుకు ముందు ఈ నౌక ఏం చేసింది?

1944 తొలి నెలల్లో మార్షల్ దీవుల్లోని క్వాజలీన్, ఎనివెటాక్ దాడుల్లో ఒడ్డున ఉన్న జపాన్ స్థావరాల మీద గుండ్లు కురిపించింది. తరువాత సాలమన్ దీవుల దగ్గర గస్తీ తిరిగింది. మే 16న ఫ్రాంక్స్, హగ్గర్డ్ అనే మరో రెండు డిస్ట్రాయర్లతో కలిసి జపాన్ జలాంతర్గామి ఐ-176ను ముంచింది. జులైలో గువామ్ దీవి విముక్తి కోసం జరిగిన దాడిలో 4,000కు పైగా గుండ్లు పేల్చింది. సమర్ నాటికి ఆ ఫిరంగుల దగ్గరున్న వారి చేతులు పనికి బాగా అలవాటుపడ్డాయంటే కారణం ఈ నెలలే.

అంత చిన్న దళం అంత పెద్ద నౌకాదళం ఎదుట ఎలా పడింది?

1944 అక్టోబరు 20న అమెరికా సేనలు సమర్ పక్కనున్న లేటే దీవిలో దిగాయి. వాటిని అడ్డుకోవడానికి జపాన్ తన నౌకాదళాన్ని పలు దిశల నుంచి పంపింది. అందులో అన్నిటికన్నా బలమైనది వైస్ అడ్మిరల్ తకేవో కురిటా నడిపిన దళం. దారిలోనే దానికి గట్టి దెబ్బలు తగిలాయి. 23న ఆయన సొంత నౌక అటాగో జలాంతర్గామి దాడిలో మునగగా ఆయన నీళ్లలో ఈది బయటపడ్డారు. 24న యమటోకు జంట నౌక అయిన ముసాషి విమాన దాడుల్లో మునిగింది. కురిటా వెనుదిరిగినట్టు కనిపించడంతో, అమెరికా అడ్మిరల్ హాల్సీ ఉత్తరాన ఎరగా పంపిన జపాన్ విమానవాహక నౌకల వెంట తన పెద్ద నౌకలన్నిటినీ తీసుకెళ్లారు. సమర్‌కు ఉత్తరాన ఉన్న శాన్ బెర్నార్డినో జలసంధి దగ్గర కాపలా ఉందని మిగిలిన అమెరికా దళాలు అనుకున్నాయి. అక్కడ ఒక్క నౌక కూడా లేదు. కురిటా రాత్రికి రాత్రి మళ్లీ తిరిగి ఆ జలసంధి గుండా బయటికి వచ్చారు.

తెల్లవారేసరికి ఆయన దారిలో ఉన్నది రియర్ అడ్మిరల్ క్లిఫ్టన్ స్ప్రేగ్ దళం. రేడియో సంకేతనామం టాఫీ 3. ఆరు చిన్న విమానవాహక నౌకలు, వాటికి కాపలాగా జాన్‌స్టన్, హోయెల్, హీర్మన్ అనే మూడు డిస్ట్రాయర్లు, అంతకన్నా చిన్నవైన నాలుగు రక్షక నౌకలు. కురిటా వైపు యమటోతో కలిపి నాలుగు భారీ యుద్ధనౌకలు, ఆరు భారీ క్రూయిజర్లు, రెండు తేలికపాటి క్రూయిజర్లు (డిస్ట్రాయర్ కన్నా పెద్దవి, భారీ యుద్ధనౌక కన్నా చిన్నవి), పదకొండు డిస్ట్రాయర్లు.

ఆజ్ఞ రాకముందే జాన్‌స్టన్ ఎందుకు ఎదురెళ్లింది?

ఏడు గంటలకు కాస్త ముందు యమటో కాల్పులు మొదలుపెట్టింది. ఏ నౌక గుండు ఎక్కడ పడిందో తెలియడానికి జపాన్ వారు గుండ్లలో రంగులు కలిపేవారు; అందువల్ల టాఫీ 3 చుట్టూ సముద్రంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నీటి స్తంభాలు లేచాయి. అమెరికా విమానవాహక నౌకలు పద్దెనిమిది నాట్లకు మించి పోలేవు. శత్రువుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కాపలా నౌక జాన్‌స్టన్. మొదట అది పొగతెర వేస్తూ అటూ ఇటూ తిరిగింది. తెర ఒక్కటే చాలదని ఎవాన్స్‌కు అర్థమైంది. స్ప్రేగ్ నుంచి టార్పెడో దాడికి ఆజ్ఞ వచ్చేలోపే నౌకను శత్రువు వైపు తిప్పించారు.

5 అంగుళాల ఫిరంగులు అందేంత దగ్గరికి రావడానికి పట్టిన ఆ నిమిషాలు జాన్‌స్టన్ తిరిగి కొట్టలేక దెబ్బల మధ్య పరుగెత్తిన నిమిషాలు. ఫిరంగులు అందుకోగానే భారీ క్రూయిజర్ కుమానో మీద 200కు పైగా గుండ్లు పేల్చింది. దాదాపు 9 కిలోమీటర్ల దూరం నుంచి పది టార్పెడోలనూ వదిలి పొగలోకి తిరిగింది. పొగ నుంచి బయటికి వచ్చి చూసేసరికి కుమానో ముందుభాగం మంటల్లో ఉంది. టార్పెడో దాని ముక్కును చీల్చివేసింది. కుమానో పోరు నుంచి తప్పుకుంది. అప్పటికే విమాన దాడిలో దెబ్బతిన్న సుజుయా దాని అధిపతిని ఎక్కించుకోవడానికి ఆగి వెనకబడింది. ఇలా ఆరు భారీ క్రూయిజర్లలో రెండు మొదటి అరగంటలోనే వెనకబడ్డాయి.

జాన్‌స్టన్‌కు తగిలిన పెద్ద గుండ్లు ఎవరివి?

ఏడున్నర ప్రాంతంలో మూడు పెద్ద గుండ్లు, ఆ వెంటనే మూడు 6 అంగుళాల గుండ్లు తగిలాయి. పెద్దవి కాంగో అనే యుద్ధనౌకకు చెందిన 14 అంగుళాల గుండ్లని చాలాకాలం రాస్తూ వచ్చారు. జపాన్ రికార్డులతో సరిపోల్చిన తరువాతి పరిశోధకులు కొందరు అవి యమటో గుండ్లని వాదిస్తున్నారు. కుక్కపిల్లను లారీ గుద్దినట్టు ఉందని ఫిరంగుల అధికారి రాబర్ట్ హేగెన్ తరువాత రాశారు. ఒక ఇంజను పోయి వేగం పదిహేడు నాట్లకు పడిపోయింది. వెనుక ఫిరంగులకు విద్యుత్తు ఆగింది. ఎవాన్స్ ఎడమచేతి వేళ్లు రెండు తెగిపోయాయి, చొక్కా చిరిగి ఎగిరిపోయింది. కవచాన్ని ఛేదించడానికి చేసిన గుండ్లు కవచమే లేని నౌకలో నుంచి దూసుకుపోయాయి కాబట్టి నౌక అక్కడికక్కడే రెండు ముక్కలు కాలేదు. సరిగ్గా అప్పుడే వచ్చిన ఒక వాన జల్లు దాన్ని దాదాపు పది నిమిషాలు కప్పి ఉంచింది.

టార్పెడోలు అయిపోయాక మళ్లీ ఎందుకు వెళ్లింది?

స్ప్రేగ్ ఆజ్ఞతో హోయెల్, హీర్మన్, చిన్న రక్షక నౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ టార్పెడో దాడికి బయలుదేరాయి. జాన్‌స్టన్ దగ్గర టార్పెడోలు లేవు, ఒక ఇంజను లేదు. తప్పుకోమని ఎవరైనా చెప్పి ఉంటే తప్పు పట్టేవారు లేరు. ఎవాన్స్ మాత్రం ఫిరంగులతో వాటికి అండగా వెళ్దామని నౌకను వాటి వెనక తిప్పించారు.

ఆ గంటలో జరిగినవాటిలో మూడింటిని చెప్పాలి. పొగ చాటు నుంచి ఎదురుగా వచ్చిన హీర్మన్‌ను ఢీకొనబోయి రెండు నౌకలూ వెనక్కి తిప్పుకుని కొద్ది అడుగుల ఎడంతో తప్పించుకున్నాయి. తరువాత పొగ విడిపోగానే ఆరున్నర కిలోమీటర్ల దూరంలో ఒక భారీ యుద్ధనౌక కనిపించింది. జాన్‌స్టన్ నలభై సెకన్లలో దాదాపు ముప్పై గుండ్లు దాని మీద పేల్చి మళ్లీ పొగలోకి వెళ్లింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో గాంబియర్ బే అనే విమానవాహక నౌకను ఒక క్రూయిజర్ తూట్లు పొడుస్తుండడం చూసి, గురి తమ మీదికి మళ్లాలని ఆ క్రూయిజర్ మీద కాల్పులకు ఎవాన్స్ ఆదేశించారు. గాంబియర్ బే దక్కలేదు.

చివరి గంటలో నౌక ఎలా నడిచింది?

తేలికపాటి క్రూయిజర్ యహాగి వెంట జపాన్ డిస్ట్రాయర్లు మిగిలిన విమానవాహక నౌకల మీద టార్పెడోలు వదలడానికి వస్తున్నాయి. జాన్‌స్టన్ వాటికి అడ్డంగా వెళ్లి మొదట యహాగి మీద, తరువాత డిస్ట్రాయర్ల మీద కాల్చింది. యహాగి పక్కకు తిరిగింది. డిస్ట్రాయర్లు చాలా దూరం నుంచే తొందరపడి టార్పెడోలు వదిలాయి. వాటిలో ఒక్కటీ విమానవాహక నౌకలకు తగలలేదు. నా దృష్టిలో జాన్‌స్టన్ చేసిన పనులన్నిటిలో ఇది అన్నిటికన్నా విలువైనది. కుమానో ముక్కు తెగిన సంగతికి వచ్చినంత పేరు దీనికి రాలేదు.

అప్పటికి నౌకను పైనుంచి నడపడం సాధ్యం కాలేదు. నౌకను నడిపించే చోటైన బ్రిడ్జి మీద మంటలు. చుక్కానికి విద్యుత్తు పోయి గంటలు గడిచాయి. ఎవాన్స్ నౌక వెనుకభాగానికి నడిచి వెళ్లి, తెరిచిన మూత దగ్గర వంగి నిలబడి లోపలికి కేక వేసేవారు. అడుగున ఇరుకు గదిలో నావికులు చుక్కానిని చేతుల బలంతో తిప్పేవారు. కొద్ది నిమిషాలకే చేతులు పడిపోయేవి, మరొకరు వచ్చి పట్టుకునేవారు. పైన ఒక ఫిరంగి దగ్గర నుంచి గుండ్లు ఇంకా తెమ్మనే కేక వినిపిస్తూనే ఉందని హేగెన్ గుర్తుచేసుకున్నారు.

కురిటా తన నౌకలను ఉత్తరానికి తిరిగి రమ్మని ఆదేశించిన సమయం 9 గంటల 11 నిమిషాలు. ఆ ఆజ్ఞ వెలువడ్డాక కూడా చుట్టుముట్టిన జపాన్ డిస్ట్రాయర్లు జాన్‌స్టన్‌ను వదలలేదు. 9:40కి నౌక కదలిక పూర్తిగా ఆగింది. 9:45కి ఎవాన్స్ నౌకను విడవమని ఆదేశించారు. 10:10కి జాన్‌స్టన్ బోర్లపడి మునిగింది.

శత్రు నౌక కెప్టెన్ వందనం చేశారన్నది నిజమేనా?

జాన్‌స్టన్ మునుగుతుండగా దగ్గరగా వెళ్లిన ఒక జపాన్ డిస్ట్రాయర్ మీద అధికారి ఒకరు నిటారుగా నిలబడి వందనం చేయడం తాము చూశామని నీళ్లలో ఉన్న పలువురు నావికులు చెప్పారు. హేగెన్ రాసిన కథనంలోనూ అది ఉంది.

కురిటా వెనుదిరగడానికి జాన్‌స్టనే కారణమా?

ఆ ఒక్క నౌకకు మొత్తం కట్టబెట్టడం మిగిలినవారికి అన్యాయం. హోయెల్, శామ్యూల్ బి. రాబర్ట్స్ కూడా అదే తెగింపుతో పోరాడి మునిగాయి. టాఫీ 3 విమానాలు, పొరుగు దళాల విమానాలు బాంబులు అయిపోయాక కూడా ఉత్తుత్తి దాడులు చేస్తూ జపాన్ నౌకలను పక్కకు తిప్పించాయి. టార్పెడోలను తప్పించుకునే క్రమంలో యమటోయే ఉత్తరంగా దూరం పోయి విలువైన సమయం కోల్పోయింది. ఎదుట ఉన్నవి పెద్ద విమానవాహక నౌకలని కురిటా నమ్మారు. మూడు రోజులుగా నిద్ర లేదు, దళం చెల్లాచెదురైంది. చొకాయ్, చికుమా, సుజుయా అనే మూడు భారీ క్రూయిజర్లను ఆయన ఆ రోజు పోగొట్టుకున్నారు. అమెరికా వైపు మూడు కాపలా నౌకలతో పాటు గాంబియర్ బే, ఆ తరువాత ఆత్మాహుతి విమాన దాడిలో సెయింట్ లో మునిగాయి.

ఎంతమంది చనిపోయారు? సహాయం ఎందుకు ఆలస్యమైంది?

నౌక మీద ఉన్న 327 మందిలో 186 మంది చనిపోయారు. ఈ సంఖ్యను విడదీసి చూడాలి. శత్రువు కాల్పుల్లో చనిపోయినవారు దాదాపు 50 మంది. గాయాలతో తెప్పల మీద చనిపోయినవారు 45 మంది. ఎవాన్స్‌తో సహా 92 మంది నౌక మునగకముందు ప్రాణాలతో నీళ్లలోకి దిగారు, మళ్లీ కనిపించలేదు. అంటే పోరులో కన్నా పోరు ముగిసిన తరువాత సముద్రంలో పోయినవారు ఎక్కువ. జాన్‌స్టన్ కథ చెప్పేవారు చాలామంది 10:10 దగ్గర ఆపేస్తారు. నన్ను బాధించేది అదే.

టాఫీ 3లో మిగిలిన నౌకలు విమానవాహక నౌకలను కాపాడుకుంటూ దక్షిణంగా వెళ్లిపోయాయి. నీళ్లలో మనుషులున్నారన్న కబురు పైనుంచి చూసిన విమానాల ద్వారా అందింది, కానీ చెప్పిన స్థానం తప్పు. వెతకడానికి వెళ్లినవారు ఖాళీ సముద్రాన్ని గాలించారు. తెప్పలు, నీటిపై తేలే వలలు ఉన్నవారు వాటి అంచులు పట్టుకుని నూనె తేలే నీళ్లలో వంతులవారీగా ఉన్నారు. గాయపడినవారికి మధ్యలో చోటిచ్చారు. పగలు ఎండ, రాత్రి చలి. తాగడానికి నీళ్లు చాలవు. సొరచేపలు వచ్చాయి. దాహం తట్టుకోలేక ఉప్పునీరు తాగినవారు మతి చలించి, దూరాన ఏదో దీవి కనిపిస్తోందంటూ తెప్ప వదిలి ఈదుకుంటూ పోయారు.

చివరికి జలాంతర్గాములను వేటాడే రెండు చిన్న గస్తీ నౌకలు, సైనికులను ఒడ్డుకు దింపే అయిదు పడవలు వారిని కనుగొన్నాయి. మునిగిన నౌకల సిబ్బందిలో వెయ్యిమందికి పైగా వాటివల్ల బతికారు. జాన్‌స్టన్ నుంచి 141 మంది దక్కారు. వారిని నీళ్లలోంచి తీసిన ఉదయం అక్టోబరు 27. ఆ నౌక సేవలో చేరి సరిగ్గా ఏడాది.

ఈ పోరుకు తెలుగు తీరంతో ఏమైనా సంబంధం ఉందా?

జాన్‌స్టన్‌కు లేదు. దాని ఎదుట ఉన్న నౌకలకు ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయి. అదే రోజుల్లో ఆ దళానికి చెందిన క్రూయిజర్లు, విమానాలు మన తూర్పు తీరం వెంట ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచాయి. ఆ దళాధిపతి నౌక చొకాయ్. ఉత్తర భాగంలో వేటాడినవి కుమానో, సుజుయా; వాటిని నడిపినది కురిటాయే. విశాఖ ప్రజలు ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు పోయిన ఆ ఏప్రిల్‌కు, సమర్ దగ్గర కుమానో ముక్కు తెగిన ఆ అక్టోబరుకు మధ్య రెండున్నరేళ్లు.

శిథిలాలు దొరికాయా?

2019లో పెట్రెల్ అనే పరిశోధక నౌక ఫిలిప్పీన్ అగాధంలో కొన్ని శకలాలను కనుగొంది. నౌక ప్రధాన భాగం దాని యంత్రాలు దిగగలిగిన లోతుకన్నా కింద ఉంది. 2021 మార్చిలో విక్టర్ వెస్కోవో, మనుషులను తీసుకెళ్లే లోతు జలవాహనంలో అక్కడికి దిగి, దాదాపు 6,460 మీటర్ల లోతులో ముందుభాగాన్ని చూశారు. నౌక నిటారుగా కూర్చుని ఉంది. ముక్కుకు రెండు వైపులా 557 అనే అంకెలు చదవడానికి వీలుగా ఉన్నాయి. ఫిరంగి గోపురాలు వాటి స్థానంలోనే ఉన్నాయి. మరుసటి ఏడాది శామ్యూల్ బి. రాబర్ట్స్‌ను అంతకన్నా లోతులో, దాదాపు 6,900 మీటర్ల దగ్గర కనుగొన్నారు.

ఎవాన్స్‌కు, సిబ్బందికి ఏ గౌరవాలు దక్కాయి?

ఎవాన్స్‌కు మరణానంతరం అమెరికా అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. దళం మొత్తానికి అధ్యక్షుడి ప్రశంస లభించింది. నిర్మించబోయే ఒక డిస్ట్రాయర్‌కు ఆయన పేరు పెడుతున్నట్టు 2023లో అమెరికా నౌకాదళం ప్రకటించింది. ఆయన దేహం దొరకలేదు. మనీలాలోని అమెరికన్ శ్మశానవాటికలో జాడ తెలియనివారి పేర్లు చెక్కిన గోడల మీద ఆయన పేరు ఉంది.

నౌకను పైకి తీస్తారా?

తీయరు. మునిగిన యుద్ధనౌకలు ఎక్కడున్నా అమెరికా ఆస్తిగానే ఉంటాయని 2004లో వచ్చిన చట్టం చెబుతోంది. అనుమతి లేకుండా వాటిని కదిలించడం చట్టవిరుద్ధం. నౌకాదళం జాన్‌స్టన్‌ను సమాధిగా పరిగణిస్తుంది. 2021లో దిగినవారు ఏ వస్తువునూ ముట్టుకోలేదు. పైకి వచ్చాక ఆ చోట సముద్రం మీద ఒక పుష్పచక్రం ఉంచారు.